స్తుతికి అడ్డు ఏది?

దేవుణ్ణి మనసారా స్తుతించడానికి ఏం కావాలి? సొంత భాష, తెలిసిన బాణీ అంటాం. నిజమే, పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో కీర్తనలు కట్టి ఆ మేలు చేశాడు. అయితే మాధవరం వంటి పడమటి కర్నూలు పల్లెలో దళిత క్రైస్తవుని గొంతుకు అడ్డుపడేది బాణీ కాదు, కాగితం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మతాన్నిబట్టి వుంటుంది. సవరణలతో అది 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దక్కింది. క్రైస్తవులకు నేటికీ లేదు. మతం మారినా అంటరానితనం మాత్రం వదలలేదు. ఆదివారం ఎలుగెత్తి పాడినవాడు సోమవారం దరఖాస్తులో మతం దాచుకోవలసివస్తే, దాన్ని కపటమనడం తేలిక. కాని కపటం అతనిది కాదు, నిజం చెబితే దండుగ వేసే చట్టానిది. కాబట్టి దేవుణ్ణి నమ్మనివారికీ ఇది సొంత సమస్యే. భయపడే నోట మనసు పూర్తిగా పలకదు.