శమంతకమణియు, నాలుగువందలవ కారును

ఉగ్రసేన మహారాజునకు ఇమ్మని శ్రీకృష్ణుడు కోరినను సత్రాజిత్తు శమంతకమణిని ఈయలేదు. దానిని ధరించి వేటకేగిన తమ్ముడు ప్రసేనుడు సింహము వాతబడినాడు. అపురూప వస్తువు మనస్సును పట్టుకొను తీరు అట్టిది.

ఈ కాలమున అట్టి మణుల స్థానమును కొన్ని కార్లు ఆక్రమించినవి. ఇటలీలోని ఫెరారీ సంస్థ తన స్థాపకుని పేరిట 'ఎంజో' అను కార్లను 399 చేసి, తానెంచిన ధనవంతులకే అమ్మినది. గంటకు 350 కిలోమీటర్ల వేగమట! ఏ వీధిలో పరుగెత్తించవలెనో కొన్నవారికే తెలియవలె. 400వ కారును మాత్రము 2005 జనవరిలో రెండవ జాన్ పాల్ పోపుకు సమర్పించిరి. 2004 డిసెంబరులో మన కోస్తాను సైతము తాకిన సునామీ బాధితుల సహాయార్థము అది జూన్ మాసమున వేలమునకు వచ్చి, సుమారు 9,50,000 యూరోలు పలికినది. అప్పటికి ఆయన దివంగతులైరి.

జాంబవంతునితో ఇరువదియెనిమిది దినములు పోరి సాధించిన మణిని శ్రీకృష్ణుడును తనయొద్ద ఉంచుకొనలేదు. సత్రాజిత్తు చేతిలోనే పెట్టినాడు.