కొండబాటలో నమాజ్



కపిలేశ్వరపురంలో మనకు గోదావరి ఏటిగట్టే ఎత్తు. ఆ ఊరి యువకుడొకడు ఉత్తరాఖండ్‌లోని పిండారీ హిమానీనదం దాకా రోజుల తరబడి సాగే కొండబాట నడవడానికి సిద్ధమై, "మంచునీళ్లతోనే గుస్ల్ చేస్తాను. గైడు దేనికి, అల్లాహ్ ఉన్నాడుగా!" అన్నాడు. పక్కనున్న తల్లి మా వైపు చూసింది.

బాబూ, హిజ్రీ 8లో జాతుస్సలాసిల్ దండయాత్రకు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నాయకులు. కొరికే చలిరాత్రి ఆయనకు గుస్ల్ తప్పనిసరి అయింది. స్నానం చేస్తే ప్రాణం పోతుందని భయపడి తయమ్ముమ్ చేసి ఫజ్ర్ నమాజ్ చేయించారు. సహచరులు ఆ సంగతి దైవప్రవక్త (స)కు చెప్పారు. ప్రాణాలు తీసుకోవద్దన్న దైవాజ్ఞ (అన్నిసా: 29) గుర్తొచ్చిందని అమ్ర్ (రజి) విన్నవించారు. ప్రవక్త (స) నవ్వారు, ఏమీ అనలేదు. ఆ నవ్వునే ఫుఖహాలు ఆమోదంగా గ్రహించారు.

అలాగని చలి వేయగానే తయమ్ముమ్‌కు పరుగెత్తకూడదు సుమా! స్టవ్ ఉంటే నీళ్లు కాచుకోవాలి. అదీ కుదరక, ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పుంటేనే ఈ వెసులుబాటు. మన హనఫీ ఫిఖహ్‌లో శుభ్రమైన మట్టి, రాయి పనికొస్తాయి; మంచు పనికిరాదు. ప్రయాణంలో ఒంటరిగా చదివితే జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులే.

ఇక గైడు మాట. క్రీ.శ. 622లో హిజ్రత్ వేళ ప్రవక్త (స) అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను ముందే కూలికి పెట్టుకుని, సౌర్ గుహలో మూడు రాత్రులు దాగి, ఆపై అతని వెంట మదీనా బాట పట్టారు. అతను అప్పటికి ముస్లిం కూడా కాదు, కానీ దారి తెలిసినవాడు, నమ్మకస్తుడు.

కుర్రవాడు తల దించుకున్నాడు. తల్లి మాత్రం, "గైడు డబ్బులు నేనిస్తాను మౌల్వీసాబ్" అంది.