బాణి ఎవరి సొత్తు?

సంగీతశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియారు సంవత్సరములు ఒక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. శనివారపు భజనలో తాళము వేయుట తప్ప వాద్యమేదియు ముట్టి యెరుగను. అట్టివాడు వాద్యకారుల బాణీలను గూర్చి వ్రాయబూనుట సాహసమే. అయినను ఈ సంచికకు ధర్మవిచారముతో కూడిన వ్యాసమొకటి కావలెనని సంపాదకులు కోరినపుడు, అట్టి ప్రశ్న యొకటి రెండేండ్లుగా నా యింటిలోనే యున్నది గదా యని తోచినది. అది మా మనుమని గిటారుతో పాటు ఇంటిలోనికి వచ్చినది.

మా నివాసము కామాటిపురలోని యొక పాత చాల్. 18వ శతాబ్ది చివరనుండి నిజాము సీమ విడిచి, కట్టడపు కూలికై ఈ నగరమునకు వచ్చిన మన కామాటీల వలననే ఈ పేటకు ఆ పేరు కలిగినదని చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. వరుసగా ఖోలీలు, వాని ముందు అందరికి ఉమ్మడియైన గ్యాలరీ. వేసవి రాత్రులందు సగము జనము ఆ గ్యాలరీలోనే పండుకొందురు. ఒకరి దగ్గు పది ఇండ్లకు వినబడును. మా మనుమడు చోర్ బజారులో ఎవరో వాడి విడిచిన గిటారు నొకదానిని కొని తెచ్చెను. పగలు కాలేజీ, సాయంకాలము దుకాణములో పని. కనుక వాని సాధన రాత్రి పదునొకండు గంటల తరువాతనే.

ఒకనాటి రాత్రి నేను విసుగుకొని, "ఇంక బంద్ చెయ్యరా, లోకం పండుకున్నది" అంటిని.

"తాతా, అంగూఠాతోనే కొడుతున్న. ఆవాజ్ బయటికి పోదు. నువ్వు పండుకో" అని వాడు మెల్లగా చెప్పెను.

"అంగూఠా కాదు, బొటనవేలు. ఆవాజ్ కాదు, చప్పుడు" అని నేను దిద్దితిని. వాడు మారు పలుకలేదు. "బంద్" అను మాట నా నోటనే మొదట వచ్చినదన్న సంగతి మరునాటి వరకు నాకు స్ఫురింపలేదు.

మరునాడు ఆ బొటనవ్రేలి కథ విచారించితిని. వాడు అనుకరించుచున్నది వెస్ మాంట్‌గోమరీ అను అమెరికా దేశపు నల్లజాతి విద్వాంసుని. ఆయన 1923లో ఇండియానాపొలిస్ నగరమున జన్మించి 1968లో గతించెను. గిటారును సాధారణముగా పిక్ అనెడి చిన్న బిళ్ళతో మీటుదురు. ఈయన పగలు కర్మాగారమున పనిచేసి, రాత్రివేళ ఇంటిలో సాధన చేసెడివాడు. బిళ్ళతో మీటిన ధ్వనికి ఇంటివారు, ఇరుగుపొరుగువారు విసుగుకొనగా, బిళ్ళను విడిచి బొటనవ్రేలి కండతో మీటనారంభించెను. ధ్వని తగ్గినది, మెత్తబడినది. ఆ మెత్తదనమే పిదప ఆయన ముద్ర యైనది. ఒకే స్వరమును రెండు స్థాయిలలో ఏకకాలమున పలికించుచు పాటంతయు నడుపుట ఆయన మరియొక విశేషము. మా మనుమడు మొబైలులో ఆ రికార్డును నాకు వినిపించెను. నాకర్థమైనది స్వల్పమే గాని, పక్క ఖోలీలో పసిపాప నిద్రించుచుండగా తల్లి మెల్లగా మాటలాడుచున్నట్లు తోచినది.

ఈ విషయము మా పై అంతస్తులో నుండు భజనమండలి పెద్దలతో ప్రస్తావించితిని. ఆయన నలుబదియేండ్లుగా హార్మోనియము వాయించుచున్నవారు. మాట మొగమోటము లేనివారు. "అయితే ఇది దొంగతనమే గద? ఆయన ఎవరో కష్టపడి కనిపెట్టుకున్న వేలు, వీడు ఉత్తగ ఎత్తుకొచ్చిండు" అనిరి. నేను నవ్వితిని గాని ఆ మాట నన్ను విడువలేదు. పెద్ద విద్వాంసుని బాణీని అనుకరించుట భక్తియా, చౌర్యమా? బాణి యనునది ఆయన సొత్తా, లేక వినిన వారెల్లరి సొత్తా?

నా వృత్తిలో ఈ ప్రశ్నయే లేదు. మునుపటి ఫైలు తీసి, అందులోని వాక్యమును చూచి, పేరును తారీఖును మార్చి వ్రాయుటయే గుమాస్తా ధర్మము. సొంత వాక్యము వ్రాసినవానికే సంజాయిషీ అడుగుదురు. కనుక అనుకరణను నిందించుటకు నాకు అధికారము తక్కువ యని ముందే ఒప్పుకొనుచున్నాను.

మాంట్‌గోమరీకి కూడ ఎదురుగా కూర్చుండి నేర్పిన గురువు లేడు. చార్లీ క్రిస్టియన్ అను గిటారు విద్వాంసుని రికార్డులు విని, ఒక్క స్వరమైనను తప్పకుండ వాటిని కంఠస్థము చేసెను. ఆ క్రిస్టియన్ క్షయరోగముచే 1942లో, ఇరువదియైదేండ్లకే మరణించినవాడు. ఇచట మనకు ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చుట సహజము. బొమ్మను చూచి నేర్చినవాడతడు, రికార్డు విని నేర్చినవాడితడు. ఒకనికి బొటనవ్రేలు పోయినది, ఒకనికి బొటనవ్రేలే విద్య యైనది. బాల్యమున మా ఉపాధ్యాయులు నన్నయభట్టు ఆదిపర్వములోని ఈ కథ చెప్పినపుడు గురుభక్తి యని మెచ్చుకొంటిమి. నేర్పనివాడు దక్షిణ యడుగుట ఏపాటి న్యాయమని ఒక్కడును అడుగలేదు. వ్యాసభారతమున మరియొక చిన్న మాట కలదు. ఆ పిమ్మట ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్ళతో వింటిని లాగెననియు, మునుపటి వేగము మాత్రము రాలేదనియు. ఆ ఘట్టము అంతటితో ముగియును. ఆ మిగిలిన వ్రేళ్ళ విలువిద్య ఎట్లుండెనో, దానిని చూచి నేర్చినవారెవరైన నుండిరో తెలిసికొనవలెనని నాకు మిక్కిలి కుతూహలము.

అట్టి విద్య యొకటి మన కాలమునకు సమీపముననే కనబడినది. జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియము దేశమున, బండ్లలో తిరిగెడి సంచారజాతి కుటుంబమున పుట్టినవాడు. 1928లో తాను నివసించు బండికి నిప్పంటుకొనగా అతని ఎడమచేతి చివరి రెండు వ్రేళ్ళు కాలి ముడుచుకొనిపోయినవి. తంత్రులను నొక్కవలసినది ఆ చేతితోనే. మిగిలిన రెండు వ్రేళ్ళను తంత్రిపై పరుగెత్తించుట అభ్యసించి, 1934 నాటికి పారిస్ నగరమున స్తెఫాన్ గ్రాపెలీ అను వయొలిన్ విద్వాంసునితో కూడి మేళము కట్టెను. 1953లో మరణించువరకు, నాలుగు వ్రేళ్ళు గలవారు కూడ ఆ వేగమునకు ఆశ్చర్యపడిరి. ఇపుడు చక్కని నాలుగు వ్రేళ్ళు గల పడుచువాడొకడు రెండింటిని దారముతో కట్టుకొని అట్లే వాయించెననుకొందము. ఇంటిలో సాధనకై అట్లు చేసినచో నేను తప్పు పట్టను. ఆ రెండు వ్రేళ్ళు ఏ దారిని పోయెనో వానికి తెలియును. సభలో కూడ అట్లే వాయించి చప్పట్లు పుచ్చుకొన్నచో మాత్రము నాకు కష్టముగానుండును. వాని చేయి కాలలేదు గదా!

నాకు దారి దొరకినది ఇచటనే. జాంగో రెండు వ్రేళ్ళు ఒక అవసరమునకు సమాధానము. మాంట్‌గోమరీ బొటనవ్రేలును అంతే. బి.బి. కింగ్ అను మరియొక విద్వాంసుడు తన బంధువైన బుకా వైట్ వలె తంత్రిపై లోహపు గొట్టమును జార్చి వాయింపవలెనని ప్రయత్నించి, చేతకాక, వ్రేలినే తంత్రిపై వణికించెను. అది మన గమకమునకు దగ్గర చుట్టము. సమాధానమును మాత్రము ఎత్తుకొనిపోవువాడు పరుని సొమ్ము మోయుచున్నాడు. అదే అవసరము తనకును ఉండి, అదే సమాధానమును చేరినవాడు దొంగ యగునా? రాత్రి పదునొకండు గంటలకు మా గ్యాలరీలో, తెల్లవారుజామున పనికి పోవలసినవారి నడుమ వాయించు పిల్లవానికి బొటనవ్రేలు ఎవ్వరి సొత్తును కాదు. వాడు దానిని రికార్డు చూచి నేర్చిన మాట నిజమే. కాని విడువకుండుటకు కారణము మా చాల్. ఈ మాట చెప్పగా పై అంతస్తు పెద్దలు కొంతసేపు ఆలోచించి, "సరే, వానికి మాఫీ. కానీ రేపు వాడు పెద్ద హాలులో వాయించిననాడు మళ్ళ అడుగుత" అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

మనవారిలో ఈ విషయమునకు దృష్టాంతములు లేకపోలేదు. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు (1922–1987), వారి శిష్యులు చిట్టిబాబుగారు (1936–1996). ఇరువురి రికార్డులను వరుసగా విన్న నావంటి పామరుడు కూడ ఇది వేరు, అది వేరు అని చెప్పగలడు. శిష్యుడు గురువు వీణనే నేర్చి తన వీణను వాయించెను. దీనిని గురుద్రోహమని నేననజాలను. అయితే నన్ను మిక్కిలిగా ఆలోచింపజేసినది గిటారుకు చిన్న తమ్ముని వంటి మాండొలిన్, దానిని వాయించిన పాలకొల్లు బాలుడు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించెను. తండ్రి క్లారినెట్ వాద్యకారుడు. ఆరేండ్ల పిల్లవాడు తండ్రిగారి మాండొలిన్ ఎత్తుకొనగా, తండ్రి తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారి యొద్దకు కొనిపోయెను. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు. వారికి మాండొలిన్ వాయించుట రాదు. వారు పాడెడివారు, పిల్లవాడు ఆ పాటను తంత్రులపై వెదకి పట్టుకొనెడివాడు.

ఇది ఎంత కష్టమో వాద్యము నెరిగినవారికి తెలియును. మాండొలిన్‌పై ప్రతి స్వరమునకు మెట్టు కలదు, తంత్రులు జంటలుగా నుండును, మీటిన ధ్వని క్షణములో ఆరిపోవును. కర్ణాటక గమకమునకు కావలసినది సాగుట, ఊగుట, జారుట. ఆ వాద్యమునకు రానివన్నియు ఈ సంగీతమునకు ప్రాణమువంటివి. పిల్లవాడు పెరిగి జంట తంత్రులు విడిచి ఒంటి తంత్రులు కట్టించెను, ఐదవ తంత్రిని చేర్చెను, విద్యుత్తుతో పలికెడి మాండొలిన్‌ను చేతబట్టెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదవ యేట తొలి కచేరీ, 1981లో మదరాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవము. పిదప జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారు విద్వాంసుని ప్రక్కన కూర్చుండి వాయించెను. 2014లో నలుబదియైదేండ్లకే గతించుట మన దురదృష్టము.

సుబ్బరాజుగారికి మాండొలిన్ వచ్చియున్నచో ఏమయ్యెడిది? వారి చేయి ఎట్లు పోవునో పిల్లవాని చేయి అట్లే పోయెడిది. వారికి రానందున, ఇచ్చుటకు వారి యొద్ద బాణి లేదు, పాట మాత్రమే యున్నది. ఆ పాటకు తన వాద్యముతో జవాబు చెప్పవలసిన భారము పిల్లవానిపై పడినది. తెలియని వాద్యమును "అది మనది కాదు" అని త్రోసివేయక, పాడుచు కూర్చున్న ఆ గురువు ఔదార్యమును తలచినపుడు నాకు కొంత సిగ్గు కలుగుచున్నది. కారణము చెప్పెదను.

కొన్నేండ్ల క్రిందట మా స్వగ్రామములో పెండ్లికి పోయినపుడు బంధువొకరు మా మనుమని మాట విని, "వీనిది తెలుగేనా?" అని పకపక నవ్విరి. పదిమంది నవ్విరి. నేనును నవ్వితిని. ఆనాటినుండి వాడు ఊరివారితో హిందీలోనే మాటలాడుచున్నాడు. ఇంటిలోనైనను నేను వాని ప్రతి మాటను దిద్దుచుందును గనుక నాతో మాటలే తగ్గించినాడు. ఖోలీ, గ్యాలరీ, అంగూఠా కలిసిన మా తెలుగు లోపమా, బాణియా? ముడుచుకొన్న వ్రేళ్ళతో బ్రతికిన భాష యని నేననినచో పై అంతస్తు పెద్దలు ఒప్పుకొనలేదు. "అట్లయితే ప్రతి సోమరితనము ఒక బాణీయే అయితది" అనిరి. ఈ మాటను నేను త్రోసివేయలేను. మాంట్‌గోమరీ చప్పుడును తగ్గించెను గాని స్వరమును తగ్గింపలేదు. పొరుగువారి నిద్ర పేరు చెప్పి కష్టమైన స్వరములను దాటవేసియుండినచో అది సోమరితనమే. బొటనవ్రేలు అను మాట తెలిసి అంగూఠా అనువాడు వేరు, తెలియక అనువాడు వేరు. కాని తెలియనిచో ఆ తప్పు ఎవరిది? నేను వానికి దిద్దుబాట్లు ఇచ్చితిని. కథ యొకటి చెప్పితినా, పద్యమొకటి చదివి వినిపించితినా యని వెదకికొన్నచో లెక్కకు రాదు. సుబ్బరాజుగారు పాడిరి; నేను తప్పులు పట్టితిని. ఏది లోపము, ఏది బాణి యని ప్రతి మాటకు గీత గీయుట నాకు ఈనాటికిని చేతకాదు.

గడచిన బతుకమ్మ పండుగకు ముందు నా భార్య గ్యాలరీలో కూర్చుండి పూలు సర్దుచు పాట నెత్తుకొనెను. మనుమడు గిటారు తెచ్చుకొని ప్రక్కన కూర్చుండి బొటనవ్రేలితో ఆ పాటను వెదకసాగెను. కొంతసేపటికి, "నానమ్మా, ఆ సాగదీసేది మళ్ళొకసారి అను" అనెను. ఆమె మరల పాడెను. మూడవసారి పాడినపుడు ఆ సాగదీయుట మొదటివలె రాలేదు.

"ఏది సరైనదే?" అని వాడడిగెను.

"మూడూ సరైనయే. నువ్వు కొట్టు" అని ఆమె పూలవైపు తిరిగెను.

నేను దిద్దుటకు అందులో ఏమియు లేకపోయెను. పై అంతస్తు పెద్దలు మాత్రము కిటికీలోనుండి తొంగిచూచి, శ్రుతి కొంచెము దిగినదని చెప్పిరి. అది నిజమే. పిల్లవాడు తంత్రిని బిగించుకొని మొదటినుండి వాయింపసాగెను.