సర్గలు పంచుకున్నాం, సీతమ్మను ఎవరికి వదిలేశాం?

మూలా నక్షత్రం దగ్గర పడింది. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ఆ రోజు సరస్వతిగా దర్శనమిస్తుంది. క్యూలైన్లు కొండ దిగి ఊళ్ళోకి వస్తాయి. ఈ వారం శీర్షికకు సరస్వతీదేవి గురించి ఏదైనా రాయమని పత్రికవారి కబురు, అదీ రేపు సాయంత్రంలోగా. అమ్మవారి వీణ గురించి, హంస గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చేతిలో పుస్తకం కూడా ఉంది కదా! నేను దాన్ని పట్టుకుంటాను.

పుస్తకమంటే మనకు భక్తి ఎక్కువే. కాలు తగిలితే తీసి కళ్ళకద్దుకుంటాం. సరస్వతీ పూజనాడు పిల్లల పుస్తకాలు దేవుడి ముందు పెట్టి పసుపు కుంకుమలు వేస్తాం. ఆ రోజుకు చదువు లేదని వాళ్ళు గంతులేస్తుంటే నవ్వుకుంటాం. రామాయణ భాగవతాలైతే పూజగదిలో గుడ్డ చుట్టుకుని భద్రంగా ఉంటాయి. గుడ్డ విప్పేది కష్టం వచ్చినప్పుడే. ఏ కష్టానికి ఏ పుస్తకమో కూడా మనకు తెలుసు. అమ్మాయికి సంబంధాలు కుదరకపోతే రుక్మిణీ కల్యాణం. ఎటూ పాలుపోని చిక్కు వస్తే గజేంద్ర మోక్షం. కోర్టు వ్యవహారం, అనారోగ్యం, అమెరికా వీసా, అన్నిటికీ సుందరకాండ. మందుల చీటీలో రాసినట్టు ఇన్ని రోజులు, పూటకు ఇన్నిసార్లు అని లెక్క. లెక్క పూర్తయినా పని కాకపోతే ఎక్కడో ఉచ్చారణ దోషం జరిగి ఉంటుందని అనుమానం.

నమ్మకాన్ని నేను తప్పు పట్టడం లేదు. మా ఇంట్లోనూ ఈ పారాయణలన్నీ జరిగినవే. నా పేచీ అల్లా, అన్ని రోజులు నోటితో చదివిన పుస్తకం ఏం చెబుతోందో ఒక్క పూటైనా విన్నామా అని.

రుక్మిణీ కల్యాణమే తీసుకోండి. పోతనగారి చేతిలో పడ్డాక ఆ ఘట్టం తెలుగు ఆడపిల్లల సొంతమైపోయింది. కథ మీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను. ఒక్క సంగతి మాత్రం గుర్తు చేస్తాను. తండ్రి ఇంటికి వచ్చిపోయేవాళ్ళు కృష్ణుడి గురించి చెప్పుకునే మాటలు వినీ వినీ ఆ పిల్ల మనసిచ్చింది. వినికిడి మీద పుట్టిన ప్రేమ. ఆమె చెవిన పడినవి అతని గుణాలు. మన పెళ్ళి బయోడేటాల్లో అవి తప్ప అన్నీ ఉంటాయి, ఎత్తు, గోత్రం, జీతం, సొంత ఫ్లాటు.

అన్న రుక్మి ఆమెను శిశుపాలుడికి ఖాయం చేశాడు. తండ్రి భీష్మకుడు కొడుకు మాటకు తలొగ్గాడు. అప్పుడామె అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుణ్ణి పిలిచి ద్వారకకు కబురంపింది. ఎప్పుడు రావాలో, పెళ్ళికి ముందు తాను ఊరి బయట గౌరి గుడికి ఎలా వస్తుందో, అక్కణ్ణించి ఎలా తీసుకుపోవాలో, ఉపాయమంతా తానే చెప్పింది. ఏడుస్తూ కూర్చున్న పిల్ల కాదు సుమండీ, ఏర్పాట్లు చేసుకున్న పిల్ల.

ఇప్పుడు మన ఇళ్ళకు రండి. పొద్దున్నే అమ్మాయి చేత తలస్నానం చేయించి రుక్మిణీ కల్యాణం చదివిస్తాం. సాయంత్రం ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా తాంబూలాలు పుచ్చుకుంటాం. పొరపాటున ఆ పిల్ల ఫలానావారంటే నాకిష్టమని నోరు విప్పిందా, ఇంట్లో మగపిల్లవాడు అందరికంటే ముందు లేచి రుక్మి వేషం కడతాడు. పొద్దున చదివించింది మనమే. అది ఆమె మనసుకెక్కితే ఉలిక్కిపడేదీ మనమే. అలాంటి ఇంట్లో ఆ ఘట్టం చదివించకపోవడమే మేలేమో అనిపిస్తుంది నాకు. లేదంటే అమ్మాయికి బదులు తండ్రి, అన్న కూర్చుని చదవాలి.

సుందరకాండ సంగతి వేరే. ఎం.ఎస్. రామారావుగారి గొంతులో అది వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆ గొంతుకు నా నమస్కారం. అది మోగుతుండగా మిక్సీ వేసుకునే వాళ్ళతోనే నా తగాదా. అదైనా పాత అలవాటు. ఈమధ్య కొత్తది ఒకటి చూస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో సామూహిక పారాయణ. సుందరకాండకు 68 సర్గలు. గ్రూపులో 34 మంది ఉంటే తలా రెండు. హైదరాబాదు పిన్నిగారికి మొదటి రెండు, రాజమండ్రి వదినగారికి తర్వాతి రెండు, డల్లాస్ మేనకోడలికి ఇంకో రెండు. ఎవరి వాటా వారు చదివి గ్రూపులో ఒక దండం బొమ్మ పెడతారు. అందరి దండాలూ పడ్డాయంటే పారాయణ పూర్తి. అరగంటలో హనుమంతుడు సముద్రం దాటి, లంక తగలబెట్టి, తిరిగి కూడా వచ్చేస్తాడు.

ఈ లెక్కన 27, 28 సర్గలు ఎవరో ఒకావిడకు వస్తాయి. 27లో త్రిజట కల. 28లో ఏముంది? రావణుడు రెండు నెలల గడువు పెట్టి వెళ్ళిపోయాడు. చుట్టూ రాక్షస స్త్రీల బెదిరింపులు. విషమిచ్చే దిక్కు కూడా లేదని ఏడ్చి, సీతమ్మ ప్రాణం తీసుకుందామని లేచి శింశుపా వృక్షం కొమ్మ పట్టుకుని నిలబడింది. మన గ్రూపు ఇల్లాలు అక్కడికి చదివి, పుస్తకం మూసి, దండం బొమ్మ పెట్టి, కుక్కర్ చూసుకోవడానికి వెళ్ళిపోతుంది. ఆమె వాటా అయిపోయింది మరి. తల్లి మాత్రం కొమ్మ పట్టుకుని అలాగే ఉంది.

చెట్టు మీద హనుమంతుడు పడే యాతన 30వ సర్గలో వస్తుంది. అది ఇంకొకరి వాటా. తెల్లవారేలోగా ఈ తల్లిని ఓదార్చకపోతే బతకదు. ఎదురుగా దూకితే భయపడుతుంది. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే వేషం మార్చుకొచ్చిన రావణుడే అనుకుంటుంది. ఆమె అరిస్తే రాక్షసులు లేస్తారు, యుద్ధమవుతుంది, వచ్చిన పని చెడుతుంది. నూరు యోజనాల సముద్రం ముందు నిలబడినప్పుడు కూడా ఆయన ఇంత మథనపడలేదు. చివరికి ఏం చేశాడో చూడండి. ఉంగరం జేబులోంచి తీసినట్టు తీసి చూపించలేదు, అది 36వ సర్గ దాకా బయటికి రాదు. తన బలం చెప్పుకోలేదు. ధైర్యంగా ఉండమని ఉపదేశమూ చేయలేదు. కొమ్మల చాటున కూర్చుని, ఆమెకు అర్థమయ్యే మాటల్లో, తీయగా, దశరథుడి దగ్గర మొదలుపెట్టి రాముడి కథ చెప్పాడు. అందులో ఆమె ఉంది, ఆమె అడవికి రావడం ఉంది, ఆమెను వెతకడం ఉంది. తన కథను మరొకరి నోట వినేసరికి సీతమ్మ తలెత్తి చూసింది.

వాల్మీకి ఆ తలెత్తడం దగ్గర సర్గ ముగించాడంటే ఊరికే కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి పుస్తకం చేయగలిగింది అదే. నా బాధ ఎవరికీ పట్టదు అనుకుంటూ కూర్చున్నప్పుడు, ఎప్పుడో ఎక్కడో ఎవరో దాన్ని ముందే చెప్పి పెట్టారని తెలుస్తుంది. జబ్బుకు వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే, మనసు కుంగినా వెళ్ళాల్సిందే. సుందరకాండ ఉంది కదా అని ఇంట్లో మనిషిని వైద్యుడికి చూపించని భక్తి నాకు అక్కర్లేదు. వైద్యుడి దగ్గర్నుంచి వచ్చాక మంచం పక్కన కూర్చునేందుకు మనిషి కావాలి, ఆ మనిషి చేతిలో పుస్తకం ఉంటే మంచిది.

చదివి వినిపించేవాడికి దక్కేది కూడా తక్కువేం కాదు. కిష్కింధకాండ చివర సంపాతి ఉన్నాడు. తమ్ముడు జటాయువును కాపాడబోయి సూర్యుడి వేడికి రెక్కలు కాల్చుకుని కొండ మీద పడి ఉన్న ముసలి గద్ద. వానరులకు సీత జాడ చెబుతుండగా అతనికి రెక్కలు మొలిచాయి. మొలిచింది చెప్పినవాడికని గమనించండి.

మా చిన్నప్పుడు ఇళ్ళల్లో ఈ చెప్పడం, వినడం ఉండేది. కళ్ళజోడు లేని అమ్మమ్మకు బడికెళ్ళే మనవరాలు చదివి వినిపించేది. అమ్మమ్మ అక్షరం ముక్క రాదంటూనే మధ్యలో ఆపి, ఆ మాట మళ్ళీ చదవమనేది. కైకకు అంత కోపం ఎందుకొచ్చిందే అని అడిగేది. మనవరాలికి తెలియకపోతే ఇద్దరూ కలిసి ఆలోచించేవాళ్ళు. భాగవతం నడిచింది ఇలాగే. పరీక్షిత్తుకు ఉన్నది ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో ఆయన అడిగినన్ని ప్రశ్నలు మనం ఏడు జన్మల్లో అడగం. మృత్యువు ముంచుకొస్తుంటే కూడా తొందరపడి ఇక కానివ్వండి అనలేదు. మన యూట్యూబ్ పారాయణ ఎవరి ప్రశ్నకూ ఆగదు. పైగా మధ్యలో ప్రకటన వస్తుంది.

పుస్తకం మనిషిని పెంచడం అంటారే, అది ఎలా ఉంటుందో రెండు ఉదాహరణలు చెప్పి ముగిస్తాను, స్థలం అయిపోతోంది. మదురైలో వెంకటరామన్ అనే బడిపిల్లవాడు. ఇంట్లో పినతండ్రి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న పెరియపురాణం కనబడితే తీసి చదివాడు. శేక్కిళార్ 12వ శతాబ్దంలో రాసిన 63 మంది శివభక్తుల కథలు, మన శ్రీకాళహస్తి కన్నప్ప కూడా అందులో ఉన్నాడు. ఆ పిల్లవాడికి ఎవరూ దీక్ష ఇవ్వలేదు, ఫలశ్రుతి చెప్పలేదు. మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్ళి ఆ భక్తుల విగ్రహాల ముందు నిలబడి, వాళ్ళ భక్తి నాకూ ఇమ్మని అడిగేవాడు. 1896 సెప్టెంబరు 1న అరుణాచలం చేరాడు. రమణ మహర్షి అయ్యాడు.

రెండోది గాంధీగారిది. లండన్‌లో బారిస్టరు చదివే రోజుల్లో ఇద్దరు ఆంగ్ల మిత్రులు గీత చదువుదాం రమ్మంటే, తనకు సంస్కృతంలో గానీ గుజరాతీలో గానీ గీత రాదని సిగ్గుపడ్డాడు. తర్వాత దక్షిణాఫ్రికాలో ప్రాక్టీసు పెట్టాక, శ్లోకాలు కాగితం ముక్కల మీద రాసి గోడకు అంటించి, పొద్దున పళ్ళు తోముకునే పావుగంటలో కంఠస్థం చేసేవాడు. అలా 13 అధ్యాయాలు వచ్చాయి. ఎన్ని అధ్యాయాలైతే ఏమిటి గానీ, అపరిగ్రహం అన్న మాట ఆయన్ని పట్టుకుని వదల్లేదు. బొంబాయిలో ఉన్నప్పుడు ఒక ఏజెంటు మాటలు విని 10,000 రూపాయలకు జీవిత బీమా తీసుకుని ఉన్నాడు. భార్యాబిడ్డలను దేవుడు చూసుకోడా అనిపించి, ఆ పాలసీ వదిలేయమని ఉత్తరం రాశాడు. ఇన్నాళ్ళూ మిగిల్చిందంతా పంపించాను, ఇకమీదట మిగిలేది ఇక్కడి జనానికి ఖర్చవుతుందని తండ్రిలాంటి అన్నగారికి ఇంకో ఉత్తరం. అన్నగారికి ఒళ్ళు మండింది. ఇంచుమించు ఉత్తరాలు మానేశారు. ఎన్నో ఏళ్ళకు, పోయే ముందు, తమ్ముడు చేసింది సరైనదేనని ఒప్పుకున్నారు.

పాలసీలు వదిలేయమని నేనడం లేదు, నా పాలసీ నేను కట్టుకుంటూనే ఉన్నాను. గీత చదివినందుకు ఇంట్లో గొడవ వస్తుందని మాత్రం ఏ ఫలశ్రుతిలోనూ రాయరు.

ఈ నవరాత్రులకు సుందరకాండ గ్రూపులు మళ్ళీ మొదలవుతాయి. ఆపమంటే ఆగరని తెలుసు. అందుకే వాటాలు పంచే అడ్మిన్‌గారికి ఒక చిన్న మనవి. మిగతావి ఎలాగైనా పంచండి, 28 నుంచి 36 దాకా ఆ తొమ్మిది సర్గలు ఒక్కరికే ఇవ్వండి. ఉంగరం అమ్మ చేతికి అందాకే ఆవిడను కుక్కర్ దగ్గరికి వెళ్ళనివ్వండి.