అత్యాశ అనేశాను

వాలెట్‌లో ఉన్న ఈథర్ అంతా పోయిందని మా బావమరిది ఫోన్ చేసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అత్యాశకి పోతే అంతే మరి." అవతల కాసేపు చప్పుడు లేదు. "సరే బావా, ఉంటా" అని పెట్టేశాడు.

అది 2022 సెప్టెంబరు. ఆ నెల 15న ఇథీరియం నెట్‌వర్క్ మైనింగ్ మానేసి స్టేకింగ్ పద్ధతికి మారింది. దాన్ని 'మెర్జ్' అన్నారు. క్రిప్టో వార్తల్లో ఎక్కడ చూసినా అదే. నిజానికి ఈథర్ ఉన్నవాళ్ళు చెయ్యాల్సింది ఏమీ లేదు. కానీ మావాడికొచ్చిన లింకులో, పాత ఈథర్ ఇచ్చి కొత్తది తీసుకోండి, గడువు ఇవాళే అని ఉంది. అడిగిన చోట రికవరీ ఫ్రేజు, పన్నెండు పదాలూ టైపు చేశాడు. ఆ పదాలు ఎవరి చేతిలో ఉంటే వాలెట్ వాళ్ళదే. ఒకసారి పోయాక వెనక్కి తెప్పించడానికి బ్యాంకు లేదు, మేనేజరూ లేడు.

ఇందులో అత్యాశ ఎక్కడుంది? వాడు రెట్టింపు అడగలేదు. ఉన్నది చెల్లకుండా పోతుందేమోనని భయపడ్డాడు. పాతవి ఇచ్చేయండి, గడువు దాటితే చెల్లవు అన్న మాట 2016 నవంబరులో సాక్షాత్తూ ప్రభుత్వమే మనకి చెప్పింది. అప్పుడు క్యూలో నిలబడ్డవాళ్ళని బుద్ధిమంతులన్నాం.

2020 జులైలో ఒబామా, బిల్ గేట్స్ ట్విట్టర్ ఖాతాల్లోంచి బిట్‌కాయిన్ పంపితే రెట్టింపు ఇస్తామన్నారు. లక్ష డాలర్లకి పైగా పోయాయి. సరే, అది ఆశే. కానీ ఆ ఖాతాలు దొంగల చేతికి ఎలా చిక్కాయి? ట్విట్టర్ ఉద్యోగుల్నే ఫోన్లో నమ్మించి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ ప్రభుత్వం క్రిప్టోలో విరాళాలు అడిగితే, నకిలీ విరాళాల అడ్రసులూ పుట్టుకొచ్చాయి. అక్కడ మోసపోయినవాళ్ళు జాలిపడ్డవాళ్ళు.

అయినా మనకి అత్యాశ అన్న మాటే ముందొస్తుంది. ఎందుకంటే అది మనకి హాయినిస్తుంది. నాకు ఆశ లేదు కాబట్టి నాకిలా జరగదు, అంతే లెక్క. ఇంతకీ నేను వాడికంటే జాగ్రత్తపరుణ్ణేం కాదు, నాకు ఈథర్ లేదు, అంతే.

వాడి తప్పేం లేదనను. రికవరీ ఫ్రేజు ఎవరడిగినా ఇవ్వకూడదు. ఊరంతా మాట్లాడుకుంటున్న వార్తని పట్టుకుని ఇవాళే అని తొందరపెట్టే లింకుని అసలు తెరవకూడదు, వాలెట్ యాప్‌ని ఎప్పుడూ తెరిచే దారిలోనే తెరిచి చూసుకోవాలి. అది అజాగ్రత్త. అజాగ్రత్త చేతికి సంబంధించింది, అత్యాశ మనిషికే అంటే మచ్చ. నేను రెండోది అంటగట్టాను.

ఈమధ్య అడిగాను, ఆ రోజు టైపు చేసేముందు నాకొక్క ఫోన్ కొట్టి ఉండొచ్చు కదరా అని.

"నువ్వేమంటావో తెలుసు కద బావా" అన్నాడు.