పాత స్థలములను చూడబోవునప్పుడు

వాక్యభాగములు: యెహోషువ 4:1–9, యాకోబు 5:1–6



వేసవి సెలవులలో మన పల్లె సంఘములవారు బండి కట్టించుకొని మెదకు దేవాలయము చూడబోవుట చాలకాలపు వాడుక. పోయినవారు గోపురమువైపు తలయెత్తి చూతురు, రంగుటద్దముల కిటికీల యెదుట నిలుతురు, ఫొటోలు దిగుదురు, చెట్టుక్రింద సద్దిమూట విప్పి తిని తిరిగి వత్తురు. ఇందులో తప్పేమియు లేదు. అయితే చూచినది ఏమని ఇంటికి వచ్చిన పిల్లలను అడిగితిమి. "పెద్దగా ఉన్నది" అనిరి. అంతకుమించి ఒక్కరును చెప్పలేదు. తప్పు పిల్లలది కాదు.

యొర్దాను దాటిన దినమున దేవుడు గోత్రమునకు ఒక్కని చొప్పున పన్నెండుగురిని పిలిపించి, నది నడుమనుండి రాళ్లు మోసికొని రమ్మనెను. అవి చెక్కినవి కావు, అందమైనవి కావు. గిల్గాలులో వాటిని నిలువబెట్టుటకు కారణమొక్కటే: ముందుముందు పిల్లలు అవి ఏమిటని అడుగవలెను, పెద్దలు చెప్పవలెను. మరియొక సంగతియు గమనించుడి. ఆ రాళ్లు ఒక్కొక్కటి ఒక మనిషి భుజముమీద వచ్చినవి. రాయిని చూచుచు, మోసిన భుజమును మరచితిమా, చూచినది సగమే.

మెదకు దేవాలయము 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవుకాలములో ఆకలిగొన్నవారికి పని కల్పించి, పనికి అన్నము పెట్టవలెనని పోస్నెట్ దొరగారు దానిని కట్టించిరని మనమందరము వినియున్నాము. దొరగారి పేరు అందరికి తెలియును. సున్నము కలిపినవారు, తట్టలు మోసినవారు ఎవరు? వారిలో మన తాతలు, అవ్వలు ఉండిరి. వారి పేర్లు మనలో ఎందరికి తెలియును?

దూరము పోనక్కరలేదు. నిజామాబాదు తిలక్ గార్డెనులో 2001లో తెరచిన పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. ఆదిమానవుల రాతి పనిముట్లు మొదలుకొని బిదరీ పాత్రలు, ఆయుధములు, శిల్పములు అచట చూడవచ్చును. విగ్రహములున్న చోటికి విశ్వాసులు పోవచ్చునా అని కొందరు మమ్మును అడిగిరి. పౌలు ఏథెన్సు వీధులలో తిరిగి అచటివారి పూజాస్థలములను శ్రద్ధతో చూచెను గదా. చూచినందుననే వారితో మాటలాడగలిగెను.

డిచ్‌పల్లి సంగతి వేరు. కెర్ దంపతులు, అనగా వైద్యురాలైన ఇసబెల్ అమ్మగారును జార్జి దొరగారును, ఊరికి వెలియైన కుష్ఠురోగులను చేర్చుకొనిరి. 1915లో ఆసుపత్రి వెలసెను. రాజా నర్సాగౌడ్ గారు లక్ష రూపాయలిచ్చిరి. ఆయన క్రైస్తవుడు కాడు, హిందువు. మన పరిచర్యను మనమే నిలిపితిమని అతిశయించువారికి ఈ మాట చెప్పవలెను.

ఇక బోధన్. మంజీరమీద నిజాంసాగరు ఆనకట్ట 1923లో మొదలై 1931లో ముగిసెను. ఆ కాలువనీటితో చెరకు పెరిగెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. 2015లో మూతపడెను. శక్కర్ నగరులో ఆ పొగగొట్టమువైపు చూచునప్పుడు మాకు సముద్రములకావలి మరియొక చక్కెర సీమ మనసుకు వచ్చును.

కరిబియను సముద్రములో ఆంటిగ్వా అను చిన్న దీవి ఉన్నది. అచట బెట్టీస్ హోప్ అను పాత చెరకుతోటలో చెరకు పిండిన రాతి గాలిమరలు నేటికిని నిలిచియున్నవి; ప్రక్కనే చిన్న ప్రదర్శనశాల ఉన్నది. ఓడలలో దించిన యాత్రికులు వచ్చి చూచి పోవుదురు. ఆ గాలిమరలకు చెరకు నరికి తెచ్చినవారు ఆఫ్రికానుండి సంకెళ్లతో తేబడిన బానిసలు. 1834లో గాని వారికి విడుదల కలుగలేదు.

ఆ దీవి మనకు పరాయిది కాదు. అచటి తోట యజమాని నథానియేలు గిల్బర్టు 1758లో ఇంగ్లండులో జాన్ వెస్లీ బోధ విని, తిరిగివచ్చి, 1760లో తన యింటనే బానిసలకు సువార్త చెప్ప మొదలిడెను. ఆయన 1774లో మరణింపగా మేరీ ఆలీ, సోఫియా క్యాంప్‌బెల్ అను ఇద్దరు ఆఫ్రికా సంతతి స్త్రీలు ఆ మందను చెదరనీయక కాచిరి. 1786 క్రిస్మసు దినమున తుపానుకు దారితప్పిన ఓడనుండి థామస్ కోక్ గారు ఆ దీవిలో దిగిరి. 1814లో ఆయనయే సిలోనుకు పరిచారకులను తోడ్కొని వచ్చుచు హిందూ మహాసముద్రముమీద మరణించిరి. తోటివారు సిలోను చేరిరి; 1817లో ఆ పరిచర్య మద్రాసుకు, తరువాత హైదరాబాదుకు, మెదకుకు, మన జిల్లాకు వచ్చెను. మనకు వాక్యము అందిన త్రోవలో ఆ ఇద్దరు స్త్రీలును ఉన్నారు.

ఇంతవరకు చెప్పుట సులువు. తక్కినదియు చెప్పవలెను. ఆ బెట్టీస్ హోప్ యజమానులైన కాడ్రింగ్టను వంశస్థుడొకడు 1710లో బార్బడోసు దీవిలోని తన తోటలను, బానిసలతో కూడ, సువార్త వ్యాపక సంఘమునకు వ్రాసియిచ్చెను. ఆ సంఘము వద్దనలేదు. బానిసల రొమ్ములమీద సంఘము పేరునే కాల్చి ముద్రవేసిరి! సువార్తను వ్యాపింపజేయు సంఘము పేరు! 2006లో ఆంగ్లికను సభ దీనికై క్షమాపణ కోరెను. ఆ సంఘమువారే మన తెలుగు సీమలో నంద్యాల ప్రాంతమున బడులు, గుడులు కట్టించిరని మరువకుడి. మేలును నిజమే, ఆ ముద్రయు నిజమే. కోతగాండ్రకు చెల్లింపని కూలికి నోరుండునని, ఆ కేక దేవుని చెవికి చేరునని యాకోబు భక్తుడు చెప్పినది అన్యులకు కాదు, సంఘమునకే. మన పొలములో ఈ యేటి కూలి ఇంకను నిలిచియున్నదా యని మనలో ప్రతివాడు తన లెక్క చూచుకొనవలెను. ఆ తరువాతనే దొరల పాపము మాటలాడవచ్చును.

గనుక ఈ యేడు సంఘయాత్ర త్రోవ మార్చితిమి. మొదట బోధన్, పిమ్మట డిచ్‌పల్లి, మరునాడు మెదకు. చెరకు నరికినవారు, కర్మాగారములో పనిచేసినవారు, ఆసుపత్రిలో సేవ చేసినవారు, మెదకు గుడి పనిలో తమవారుండిరని విన్నవారు మీ యింట నున్నయెడల ఎంత వృద్ధులైనను వెంట తీసికొనిరండి. బండిలో ముందు చోటు వారిదే. ఆదివారపుబడి పిల్లలు తలకొక నోటుపుస్తకము, పెన్సిలు తెచ్చుకొని, వారు చెప్పు పేర్లు వ్రాసికొందురు. పేర్లు తప్పులేకుండ వ్రాయించు పని ఉపాధ్యాయులది.