మౌనం ఎప్పుడు అబద్ధమవుతుంది?

సాంచాల మీద బతికే ఊళ్లో తప్పు ఎక్కువసేపు దాగదు. పేక నూలు తెగితే ఫోర్కు కనిపెట్టి మగ్గాన్ని ఆపుతుంది. పడుగు పోగు తెగిన సంగతి మగ్గం చెప్పకపోయినా గుడ్డ చెబుతుంది. తాకాను బల్ల మీద పరిచి చూసే మనిషి వేలు సరిగ్గా అక్కడే ఆగుతుంది, కూలిలో కోత పడుతుంది. భివండిలో పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో స్థిరపడ్డ మన తెలంగాణ జిల్లాల వారికి ఇది చిన్ననాటి నుంచీ తెలిసిన న్యాయం. తప్పు ఉంటే కనబడుతుంది, కనబడితే లెక్కకు వస్తుంది.

మోటారు ఇంజను ఈ న్యాయానికి లొంగదు. దాని అసలు దెబ్బలన్నీ ఇనుప గోడల లోపల తగులుతాయి. పైకి తెలిసేవి ఆనవాళ్లు మాత్రమే. ఆ ఆనవాళ్లు తెలిసినవాడు తెలియనివాడికి చెప్పి తీరాలా? చెబితే ఎంతవరకు చెప్పాలి? ఇది గ్యారేజీకి సంబంధించిన చిన్న విషయంగా కొందరికి తోచవచ్చు. కాని ఒక నేత కుటుంబం తాకాలు మోయడానికి పాత మారుతి వ్యాను కొన్నప్పుడు అందులో పెట్టేది ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. ఆ కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ముందు తెలుసుకోవడం ఎలాగో చూద్దాం. అనుభవం గల మేస్త్రీ ఇంజను విప్పడానికి ముందు చెవిని, కంటిని వాడుకుంటాడు. పైభాగం నుంచి వచ్చే సన్నని టిక్‌టిక్ చప్పుడు చాలాసార్లు వాల్వుల సర్దుబాటుతో పోతుంది. కింది నుంచి వచ్చి, బరువు పడ్డకొద్దీ హెచ్చే మొద్దు చప్పుడు కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగిందన్న అనుమానం కలిగిస్తుంది. అప్పుడు ఒక్కొక్క ప్లగ్గు వైరూ తీసి వింటాడు. ఏది తీసినప్పుడు చప్పుడు తగ్గితే అనుమానం ఆ సిలిండరు మీదికి పోతుంది. నీలిపొగ వస్తే నూనె కాలుతోందని గుర్తు. ఎంతకూ ఆగని తెల్లపొగ, తగ్గిపోతున్న రేడియేటరు నీళ్లు, డిప్‌స్టిక్‌కు అంటిన పాలరంగు నూనె, ఈ మూడూ కలిస్తే హెడ్ గాస్కెట్ పోయిందనో హెడ్ పగిలిందనో భయపడాలి.

ఆ తరవాత కొలత. మారుతి వ్యానుకు మూడు సిలిండర్లు, ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. ప్లగ్గులు తీసి, ఆ స్థానంలో గేజీ బిగించి కంప్రెషన్ కొలుస్తారు. రెండు సిలిండర్లు దగ్గరదగ్గరగా ఉండి మూడోది బాగా తక్కువ చూపితే, అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలుస్తారు. కొలత పెరిగితే అరిగినవి రింగులో బోరో అయి ఉంటాయి. నూనె ఆ సందును తాత్కాలికంగా పూడ్చింది. పెరగకపోతే వాల్వులనో గాస్కెట్‌నో అనుమానించాలి.

ఇందులో ఏ ఒక్క ఆనవాలూ తీర్పు కాదు. భివండి వర్షాకాలంలో దగ్గర దగ్గర దూరాలు తిరిగే బండికి నూనె మూత కింద పాలనురుగు చెమ్మ వల్లనే పట్టవచ్చు. చలి ఉదయాన కాసేపు కనిపించే తెల్లని ఆవిరి రోగం కాదు. అందుకే వేరువేరు పరీక్షలు ఒకే మాట చెప్పేదాకా ఆగడం నేర్పు మాత్రమే కాదు, ధర్మం కూడా. ఎందుకంటే ‘ఇంజను పోయింది’ అని తీర్పు చెప్పేవాడికే ఆ తీర్పు వల్ల పని దొరుకుతుంది. విప్పి చూస్తే గాని తెలియదన్న మాట నిజమే కావచ్చు, కాని విప్పడానికయ్యే ఖర్చు మేస్త్రీది కాదు. కనుక చౌక పరీక్షలు ముందు జరగాలి. నాకు తెలిసింది ఇంత, నా అనుమానం ఇంత అని విడదీసి చెప్పిన మేస్త్రీని నేను నిజాయితీపరుడంటాను.

ఇక అమ్మేవాడి సంగతి. బి.కాం.లో వాణిజ్య చట్టం చదివినవారికి ఒక గుర్రం గుర్తుండే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో వస్తుంది. గుర్రానికి జబ్బుందని తెలిసీ ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదంటుంది చట్టం. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన తన కూతురే అయితే చెప్పడం తండ్రి విధి అంటుంది. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను’ అన్నప్పుడు అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానమంటుంది. జబ్బును పనిగట్టుకుని దాచడం ఎలాగూ మోసమే. చప్పుడు వినబడకుండా అమ్మకానికి ముందు చిక్కటి నూనె పోసే పని ఈ కోవలోకే వస్తుంది, దాని మీద చర్చ అక్కరలేదు.

మౌనం సంగతి అంత తేలిక కాదు. క్రీ.పూ. 44లో రోమన్ రచయిత సిసిరో తన నీతిగ్రంథంలో లోపాలున్న ఇంటిని అమ్మే మనిషి గురించి ఇదే వాదం నడిపాడు. దాచడం వేరు, చెప్పకపోవడం వేరని డయోజెనీస్ పక్షం. కొనేవాడికి తెలియవలసింది తెలియనివ్వాలని ఆంటిపేటర్ పక్షం. సిసిరో రెండోవైపు మొగ్గాడు.

మన మధ్య జరిగే బేరం వేలం కాదు, తండ్రీ కూతుళ్ల వ్యవహారమూ కాదు. “ఇంజను మంచిగనే ఉంది గద అన్నా? నాకేం తెల్వదు, నువ్వు చెప్తే సాలు” అంటాడు కొనేవాడు. “నువ్వే చూస్కో తమ్మీ” అంటాడు అమ్మేవాడు. చూసుకోవడం చేతకాదని చెప్పినవాణ్ణి చూసుకోమనడం జవాబు కాదు. పరాయి రాష్ట్రంలో భాషను, వరసను నమ్మి వచ్చినవాడి ముందు ఆ మౌనం గుర్రం కథలోని మూడో మౌనమే.

‘నేను కొన్నప్పుడు నాకెవరు చెప్పారు? నేనూ పేదవాణ్ణే’ అన్నది అమ్మేవాడి వాదం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. నిజం చెబితే ధర తగ్గుతుంది, ఆ తగ్గేది అతని పిల్లల తిండిలోంచే. కాని లెక్కలు రాసేవాడిగా నాకు తెలిసింది ఒకటుంది. నష్టాన్ని ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిస్తే అది మాయం కాదు. చేతులు మారుతూ పోయి, చివరకు అన్నిటికన్నా తక్కువ తెలిసినవాడి దగ్గర ఆగుతుంది.

మరి అతను ఎంత చెప్పాలి? మా బ్యాంకుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1991 నాటి నరసింహం కమిటీ తరవాత, 1992–93 నుంచి, మొండి బాకీలను మొండి బాకీలుగా చూపే నిబంధనలు వచ్చాయి. 2004 మార్చి నుంచి సాధారణంగా 90 రోజులకు పైగా వాయిదా రాకపోతే అప్పు నిరర్థకమని రాయాలి. సాంచాలు ఎందుకు ఆగాయి, సేటు ఎందుకు డబ్బివ్వలేదు అని ఆ నిబంధన అడగదు. ఆనవాలు కనబడితే చాలు, రాయమంటుంది.

అమ్మేవాడికీ అదే కొలత చాలు. బేరింగు అరిగిందో రింగులు పోయాయో అతను చెప్పనక్కరలేదు, అది మేస్త్రీ పని. నెలకు ఎంత నూనె పోస్తున్నాడు, పొగ ఏ రంగు, ఎక్కం ఎక్కేటప్పుడు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది, ఇవి అతనికి తెలుసు. తెలిసినవి చెప్పి, ఆపైన ధర అడగవచ్చు. తెలియనిదానికి అతని మీద తప్పు లేదు, తెలియకుండా ఉండడానికే మేస్త్రీకి చూపించకుండా ఊరుకుంటే తప్ప. ఆనవాళ్లు విన్నాక కూడా కొనాలా వద్దా అన్నది కొనేవాడి ఇష్టం. ఆ ఇష్టాన్ని అతనికి మిగల్చడమే ఇక్కడ ధర్మమని నా అభిప్రాయం.